ఏడో నంబరు కోటు

జూన్ 1, ఆదివారం

రేపటి నుంచి నేను హౌస్ సర్జన్ని. మొదటి పోస్టింగ్ సర్జరీ. కోటు తయారైంది.

నాన్న మూడు రోజులుగా దీని మీదే ఉన్నాడు. ఆయన కుట్టేవి స్కూలు యూనిఫారాలు. ఇవి స్కూళ్లు తెరిచే రోజులు, తల ఎత్తే తీరిక ఉండదు. అయినా వాటిని పక్కకి నెట్టి, నేను రోజూ మోసుకెళ్లబోయే సామానంతా తెచ్చి కటింగ్ బల్ల మీద పెట్టమన్నాడు. పెట్టాను. స్టెతస్కోపు, పెన్ టార్చి, మోకాలి మీద కొట్టే చిన్న సుత్తి, టేపు, కత్తెర, నరం పైకి తేలడానికి చేతికి కట్టే రబ్బరు పట్టీ, ప్లాస్టర్ చుట్ట, నల్ల పెన్నులు రెండు, ఎర్రది ఒకటి, అరచేతంత నోటు పుస్తకం, బిస్కెట్ ప్యాకెట్. కాజాలు కుడుతున్న అమ్మ, హాస్పిటల్‌కా దండయాత్రకా అని అడిగింది. నాన్న నవ్వలేదు. ఒక్కోదాన్నీ కొలిచి కాగితం మీద రాసుకున్నాడు.

ఇప్పుడు నా కోటుకి ఎనిమిది జేబులు. రెండు బయటికి కనిపించవు. చేతులు మణికట్టు దాకా, చివర కఫ్, దానికి రెండేసి గుండీలు. నా చేత చెయ్యి పైకెత్తించి, దింపించి, మళ్లీ ఎత్తించి చూశాడు. భుజం దగ్గర ఒక్క ముడత లేదు.

అద్దంలో చూసుకున్నాను. పేషెంట్లు నమ్మేస్తారు.

జూన్ 2, సాయంత్రం

వార్డులో ముప్పై బెడ్లు. మా పైన పీజీ ఒకాయన ఉన్నాడు. ఎప్పుడు చూసినా పరుగే, అందుకని తొందర సార్ అని పేరు పెట్టాం. నాతో పాటు హౌస్ సర్జన్ ఇంకొకడు, నా క్లాస్‌మేటే. వాడి జేబులో ఒకే ఒక్క పెన్ను ఉంటుంది, అదీ రాయదు. కోటు హాస్టల్లో వదిలేసి పొట్టి చేతుల చొక్కాతో వస్తాడు. కాలేజీ రోజుల నుంచీ వాడి పేరు జీరో.

ఈ రోజు జీరో నా దగ్గర తీసుకున్నవి: టార్చి, పట్టీ, కత్తెర, ఎర్ర పెన్ను, నాలుగు బిస్కెట్లు. మధ్యాహ్నానికి తొందర సార్ కూడా నా వైపు చెయ్యి చాపడం మొదలుపెట్టాడు. ఒక్క రోజులో నా పేరు కిరాణా కొట్టు అయిపోయింది.

కోపం రాలేదు. లోపల్లోపల గర్వంగానే ఉంది.

జూన్ 4

మొదటి కాన్యులా. ఒక్క పోటుకే నరం దొరికింది. పేషెంటు కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. అయిపోయిందండీ అన్నా తెరవడు.

జూన్ 5

బూట్లు మార్చాలి. అందంగా ఉండటం వాటి పని కాదు.

జూన్ 11

పద్నాలుగో బెడ్‌లో బస్సు డ్రైవర్ ఒకాయన. యాభై రెండేళ్లు. గజ్జల్లో హెర్నియా. నిన్న ఆపరేషన్ చేసి, బలహీనంగా ఉన్న చోట మెష్ పెట్టి కుట్టారు. మెష్ అంటే సన్నటి వల. శుభ్రమైన ఆపరేషన్. మూడు రోజుల్లో ఇంటికి వెళ్లిపోవాలి.

నేను జేబులోంచి ఒక్కోటీ తీస్తుంటే పడుకుని చూస్తున్నాడు. టార్చి తీశాను, కత్తెర తీశాను, ప్లాస్టర్ తీశాను. మా డిపోలో మెకానిక్ సంచిలో కూడా ఇన్ని ఉండవు డాక్టరమ్మా అన్నాడు. నవ్వితే కుట్లు లాగుతాయని నవ్వకుండా అన్నాడు. పక్కన కూర్చున్న భార్య, ఆయన్ని ఎక్కువ మాట్లాడించొద్దని నాకే చెప్పింది.

జూన్ 12

నలభై నిమిషాల్లో పదకొండు డ్రెస్సింగులు. రికార్డు. డ్రెస్సింగ్ ట్రాలీ ఎప్పుడూ వార్డు ఆ చివరే ఉంటుంది. దాని చక్రాలు కదలవు. జీరో దాని దగ్గరికి తిరిగి తిరిగి ఆరు చేశాడు. నాకు ట్రాలీతో పనేముంది? గ్లవుజులు వేసుకోవడం, కట్టు మార్చడం, జేబులోంచి ప్లాస్టర్ లాగి అంటించడం, పక్క బెడ్‌కి పోవడం.

తొందర సార్ అందరి ముందూ బాగుంది అన్నాడు. ఆయన బాగుంది అనడానికి కూడా ఆగడని పేరు. ఆగాడు.

జూన్ 14

డ్రైవర్ గారిని ఈ రోజు పంపలేదు. జ్వరం. కుట్ల చుట్టూ ఎర్రగా ఉంది.

జూన్ 15, ఆదివారం

కుట్లు రెండు విప్పారు. చీము.

ఇది మూడో కేసట. తొమ్మిదో బెడ్, ఇరవై రెండో బెడ్ కూడా. ఆపరేషన్ థియేటర్లో తేడా ఉందని కొందరు, నీళ్లలో ఉందని కొందరు. ఆయన భార్య నన్ను వరండాలో ఆపి, మూడు రోజులన్నారు కదా అంది. అవునండీ అన్నాను.

జూన్ 16

సబ్బు సిస్టర్ వచ్చింది. హాస్పిటల్లో ఇన్ఫెక్షన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. ఇరవై ఆరేళ్ల సర్వీసు. మన చేతులు చూశాకే మొహం చూస్తుంది. దూది చుట్టిన పుల్లలు పట్టుకుని వార్డులో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా ఆగింది. కఫ్‌లు, స్టెత్‌లు, ఫోన్లు, జేబుల్లో సామాను, అన్నిటి మీదా ఆ పుల్లలు తిప్పి గొట్టాల్లో పెట్టుకుంది. పేర్లు రాయలేదు, నంబర్లు ఇచ్చింది. నాది ఏడు.

కోటు ఎప్పుడు ఉతికావని అడిగింది. ప్రతి ఆదివారం అన్నాను, తల ఎత్తే చెప్పాను. ఈ వార్డులో వారానికోసారైనా ఉతికేది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

జీరోని, నీ కోటేది అంది. లేదు సిస్టర్ అన్నాడు. స్టెత్? లేదు సిస్టర్. మరి నీ దగ్గర ఏముంది? వాడు పెన్ను చూపించాడు.

జూన్ 18, మధ్యాహ్నం రెండు

రిజల్ట్స్ నోటీసు బోర్డు మీద పెట్టారు. నంబర్లే.

ఏడు: కఫ్, పాజిటివ్. ప్లాస్టర్ చుట్ట, పాజిటివ్. డ్రైవర్ గారి గాయంలో ఉన్న క్రిమి రకమే. ఏ మందులకి చస్తుందో, ఏ మందులకి చావదో ఆ పట్టిక కూడా అచ్చంగా అదే.

జూన్ 18, సాయంత్రం

సబ్బు సిస్టర్ గదికి వెళ్లి ఏడు నేనే అని చెప్పాను. తెలుసు అంది. స్టూలు చూపించింది.

నా కఫ్ నుంచి ఆయనకి వెళ్లిందా అని అడిగాను. చెప్పలేనంది. ఆయన నుంచే కఫ్‌కి వచ్చి ఉండొచ్చు. తొమ్మిదో బెడ్ నుంచి ప్లాస్టర్ మీదకి ఎక్కి, అక్కడి నుంచి ఇద్దరికీ పాకి ఉండొచ్చు. ఎటు నుంచి ఎటు పోయిందో పుల్లలు చెప్పవు. ఒకటి మాత్రం చెప్పగలనంది: నీ ప్లాస్టర్ చుట్ట పదకొండు మంచాలు తిరిగింది.

రికార్డు అని రాసుకున్నాను కదా. ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు. ఉండనీ.

గ్లవుజులు వేసుకున్నాను, నిజమే. ఆ గ్లవుజుల మీదుగా కఫ్ వేలాడుతూనే ఉంది. ఆ గ్లవుజులతోనే జేబులో చెయ్యి పెట్టాను. ఇంత చిన్న సంగతి తట్టకుండా నాలుగున్నరేళ్లు ఏం చదివానో.

రేపటి నుంచి కొత్త రూల్. మోచేతి కింద ఏమీ ఉండకూడదు. కఫ్ లేదు, వాచీ లేదు, ఉంగరం లేదు, గాజులు లేవు.

జూన్ 19

డ్యూటీ దిగగానే షాపుకి వెళ్లాను. నాన్నా, చేతులు తీసెయ్యాలి అని కోటు బల్ల మీద పెట్టాను. ఎంత దాకా అన్నాడు. మోచేతి పైదాకా అన్నాను. ఎందుకని అడిగాడు. అంతా చెప్పాను, డ్రైవర్ గారి సంగతితో సహా.

అమ్మ సూది ఆపి ఆయన మొహం చూసింది. ఆ కఫ్‌లు ఆయన రెండుసార్లు విప్పి కుట్టాడు. నాకు తెలీదని అనుకుంటాడు.

నాన్న కత్తెర తీసుకోలేదు. ముందు గుండీలు విప్పాడు. తర్వాత బ్లేడుతో కుట్టు కుట్టూ తెంపుతూ కఫ్‌ని విడదీశాడు. అప్పుడు సుద్దతో గీత గీసి, కత్తెరతో ఒక్కసారి.

"బట్ట పుట్టిందే కత్తిరించుకోవడానికి తల్లీ. దానికి నొప్పేంటి? ఆయన సంగతి చూడు" అన్నాడు.

జేబుల్లో ఐదు కూడా తీసేయమన్నాను. ఈసారి నిజంగానే బాధపడ్డాడు. అయినా తీశాడు.

జూన్ 20

డ్రైవర్ గారికి చెప్పాలని తొందర సార్‌తో అన్నాను. నడుస్తున్నవాడు ఆగిపోయాడు. నీ వల్లే అని ఎవరన్నారు, ఎవరూ అడగనిది ఎందుకు చెప్తావు, ఆయన భార్య అసలే నిప్పులా ఉంది, కంప్లయింట్ రాస్తే నీ ఇంటర్న్‌షిప్ ఆగిపోతుంది అన్నాడు. నా మంచి కోసమే అన్నాడు. అది నాకు తెలుసు.

మా యూనిట్ చీఫ్ దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు. ఆయన చెప్పింది మూడే ముక్కలు. తెలిసింది చెప్పు. తెలియనిది కలపకు. అక్కడ ఏడవకు.

పదకొండు గంటలకి పద్నాలుగో బెడ్ దగ్గరికి వెళ్లాను. నిలబడి చెప్పడం బాగుండదని స్టూలు లాక్కున్నాను. మీ గాయంలో ఉన్న క్రిమే నా కోటు చేతి మీద, నా ప్లాస్టర్ మీద దొరికింది. అది ఎటు నుంచి ఎటు వెళ్లిందో ఎవరికీ తెలీదు. నా నుంచి మీకు వచ్చి ఉండే వీలు మాత్రం ఉంది. ఒక బెడ్ దగ్గర వాడిన ప్లాస్టర్‌ని ఇంకో బెడ్‌కి తీసుకెళ్లడం నా తప్పు. నన్ను క్షమించండి.



ఆయన భార్య లేచి నిలబడింది. అమ్మాయ్, నీ చేతులు నువ్వు చూసుకోలేవా అంది. చిన్న జబ్బుతో వస్తే పెద్ద జబ్బు అంటించారంది. వార్డంతా విన్నారు. ఒక్క మాటకీ నేను అడ్డం చెప్పలేదు. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుంది?

డ్రైవర్ గారు చేత్తో భార్యని కూర్చోమన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు నాకు కట్టు ఎవరు కడతారు?"

"మీరు వద్దంటే ఇంకొకరు కడతారండీ."

"అది కాదు నేనడిగింది. ఏదీ, చేతులు చూపించండి."

చూపించాను. వేళ్ల చివర నుంచి మోచేతి దాకా, ఇటూ అటూ తిప్పించి, రూటుకి బయల్దేరే ముందు టైరు చూసుకున్నట్టు చూశాడు.

"సరే. మీరే కట్టండి" అన్నాడు. "వేరేవాళ్లయితే మీ అంత భయంగా కట్టరు."

జూన్ 22, ఆదివారం

భయంగా కట్టడం గురించి ఆలోచిస్తున్నాను. భయం లేదు నాకు. జాగ్రత్త ఉంది. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయేమో.

ఒక ఆలోచన వచ్చింది. ప్లాస్టర్, కత్తెర, కట్టు గుడ్డ మనం మోసుకుని తిరగడమెందుకు? ఏ బెడ్‌వి ఆ బెడ్ దగ్గరే ఉండాలి. ప్రతి మంచానికీ ఒక సంచి. పేషెంటు ఇంటికి వెళ్తే ప్లాస్టర్ పారేసి, కత్తెర మరిగించి, సంచి మందు నీళ్లతో కడిగెయ్యాలి. సబ్బు సిస్టర్‌కి ఫోన్ చేశాను. ఆదివారం అన్నం తింటున్నదాన్ని లేపావంది. తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడింది.

నాన్నకి చెప్పాను. గుడ్డ పనికిరాదు, కడిగితే ఆరే ప్లాస్టిక్ షీటు కావాలన్నాను. యూనిఫారాలు కుట్టే మిషను అది, ప్లాస్టిక్ మీద నడవదన్నాడు. సాయంత్రానికి నాలుగు సూదులు విరిగాయి, ఒక సంచి తయారైంది.

జూన్ 23

గాయం లోతు నాలుగున్నర సెంటీమీటర్లు. అడుగున మెష్ తెల్లగా కనిపిస్తోంది. అది చెడిపోతే మళ్లీ కోసి తీసెయ్యాలని చీఫ్ అన్నాడు. తీసేస్తే హెర్నియా తిరిగొస్తుంది. ఆ కడుపుతో బస్సు స్టీరింగ్ ఎవరిస్తారు?

రోజుకి రెండుసార్లు కడుగుతున్నాను.

జూన్ 24

నాలుగు.

జూన్ 25

నాలుగే. ముప్పై సంచులు తగిలించాం. మొదటి వరస మరీ కిందికి కట్టాం, తొందర సార్ మోకాలికి మూడుసార్లు తగిలాయి. ఎవడి తెలివి ఇది అన్నాడు. నాదే సార్ అన్నాను. జీరో పైకి జరిపి కట్టాడు. వాడి చేత పని చేయించిన మొదటి వస్తువు ఇదే.

జూన్ 26

మూడున్నర.

జూన్ 27

సాయంత్రం జ్వరం నూటొకటి. మళ్లీ. చీఫ్ సోమవారం థియేటర్ లిస్టులో ఆయన పేరు రాయించాడు. మెష్ తీసేస్తారు.

ఆయన భార్య నాతో మాట్లాడి వారమైంది. ఈ రోజు కూడా మాట్లాడలేదు. నేను గాయం కడుగుతున్నంతసేపూ నా చేతుల్నే చూస్తుంది. చూడనీ.

జూన్ 28, ఉదయం తొమ్మిదిన్నర

ఎక్కడో లెక్క కుదరడం లేదు. గాయం లోపల ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. అయినా జ్వరం.

కడిగాక వెంటనే కట్టు వేయలేదు. గాయం చుట్టూ వేలితో మెల్లగా నొక్కుకుంటూ వెళ్లాను. ఎక్కడా నొప్పి లేదు, లేదు. పై మూలలో, గాయానికి రెండంగుళాల అవతల, చర్మం మామూలుగా ఉన్నచోట నొక్కగానే ఆయన మంచం రాడ్ పట్టుకున్నాడు. అక్కడ నొప్పి ఉండకూడదు.

తొందర సార్‌ని పిలిచాను. థియేటర్‌కి టైమవుతోంది, సోమవారం ఎలాగూ తెరుస్తారు కదా అన్నాడు. సార్, ఒక్కసారి మీ వేలు ఇక్కడ పెట్టండి అన్నాను. బతిమాలుకున్నట్టు కాదు, చెప్పినట్టే అన్నాను. ఆయన నా మొహం చూసి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

నొక్కాడు. మత్తు ఇంజెక్షన్ అడిగాడు. లోపల ఒక పక్కకి ఇంకో సందు ఉంది. నా కట్టు గుడ్డ దాని దాకా ఏ రోజూ వెళ్లలేదు. రెండు చెంచాల చీము వచ్చింది.

తొందర సార్ ఇరవై నిమిషాలు ఒకే చోట నిలబడ్డాడు. ఇది చరిత్ర.

జూన్ 29, ఆదివారం

సెలవైనా వెళ్లాను. జ్వరం తొంభై తొమ్మిది. ఇంటికొచ్చి రెండు పూటలా కడుపునిండా తిన్నాను.

జూన్ 30, ఉదయం

తొంభై ఎనిమిదిన్నర. మూడు సెంటీమీటర్లు. చీఫ్ చేతులు కడుక్కుని, గ్లవుజులు తొడుక్కుని, స్వయంగా చూశాడు. లిస్టులో ఆయన పేరు కొట్టేయమన్నాడు. మెష్ నిలబడుతుందన్నాడు. ఆ పక్క సందు ఎవరు కనిపెట్టారని అడిగాడు. కిరాణా కొట్టు అన్నాడు తొందర సార్. చీఫ్‌కి అర్థం కాలేదు. ఎవరూ విడమర్చి చెప్పలేదు.

నా జేబులో ఇప్పుడు ఒక పెన్ను, నోటు పుస్తకం, టార్చి. అంతే. జీరోకి ఎరువివ్వడానికి ఏమీ లేదు. వాడు దిగులుగా ఉన్నాడు.

జూలై 3

రెండు.

జూలై 5

నెల రిపోర్టు చదవడానికి సబ్బు సిస్టర్ అందరినీ పిలిచింది. జూన్ పంతొమ్మిది తర్వాత వార్డులో కొత్త ఇన్ఫెక్షన్ ఒక్కటీ లేదు. సంచుల వల్లా, చేతులు కత్తిరించినందువల్లా, అందరూ భయపడి సరిగ్గా చేతులు కడుక్కున్నందువల్లా చెప్పలేనంది. ఆవిడకి తెలియనిది కలపడం అసలు రాదు. పక్క వార్డు వాళ్లు ముప్పై సంచులు అడిగారు. నాన్నకి చెప్తే, మిషనుకి లావు సూది కొన్నానని మామూలుగా అన్నాడు. నిన్ననే కొన్నాడట, ఎవరూ అడక్కముందే.

జూలై 9

డ్రైవర్ గారు ఇంటికి వెళ్లారు. గాయం గోరంత మిగిలింది. ఆరు వారాలు బరువు ఎత్తకూడదు, తర్వాత చీఫ్ చూసి స్టీరింగ్ పట్టుకోవచ్చో లేదో చెప్తాడు. పట్టుకుంటాడు. నాకు ఆ నమ్మకం ఉంది.

కట్టు ఎలా మార్చాలో ఆయన భార్యకి నేర్పాల్సింది నేనే. ఎదురెదురుగా కూర్చున్నాం. మందులు ఒక్కోటీ నా చేత మూడుసార్లు చెప్పించి, తన అక్షరాలతో తన కాగితం మీద రాసుకుంది. నేను రాసిచ్చిన కాగితం మడిచి పక్కన పెట్టింది. తర్వాత కట్టు విప్పి, కడిగి, మళ్లీ కట్టి చూపించమన్నాను. లేచి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. మోచేతి దాకా, నాకంటే ఎక్కువసేపు. గాజులు ముందే తీసి కొంగున ముడేసుకుంది. ఎవరూ చెప్పలేదు.

తప్పు పట్టడానికి ఏమీ లేదు. బాగా కట్టారండీ అన్నాను.

"మీరు కడుతుంటే రోజూ చూస్తున్నాగా" అంది.

అంతే. క్షమించానని అనలేదు, అనాలని నేను అనుకోలేదు కూడా. కానీ ఇరవై రోజుల కింద అమ్మాయ్ అన్న మనిషి ఈ రోజు మీరు అంది. చాలు.

జూలై 14

సర్జరీ అయిపోయింది. నేటి నుంచి లేబర్ రూమ్.

జూలై 15, ఉదయం ఏడు నలభై

ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిది వందలు. తుడిచి నాకిచ్చారు. తల అరచేతిలో, పిరుదులు మోచేతి మడతలో. నా చెయ్యి ఎంతో తనూ అంతే. బట్ట అడ్డం లేని చేతికి వెచ్చగా ఉంది.